ముప్పై ఒక్క యూనిట్లు

నెల మొదటి తారీకున కరెంటు మేస్త్రి తన ఇంటి మెట్ల కింద నిలబడి మీటర్లు చదువుతాడని ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలియకపోయినా వినబడుతుంది. ముప్పై ఏళ్లుగా నిచ్చెన మీద నుంచి కిందివాళ్లకు అరిచి చెప్పే పని కాబట్టి, మెల్లగా మాట్లాడటం అతనికి చేతకాదు. పైగా ఆ అంకెలు వినాల్సిన మనిషి, అతని భార్య, వంటింట్లో ఉండేది.

“ఇల్లు, రెండు వందల నలభై ఆరు,” అని చదివేవాడు, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. కాసేపు ఆగి, గొంతులో తేనె పోసుకుని, “కారు, ముప్పై తొమ్మిది. శభాష్,” అనేవాడు. ఆ రెండో అంకె చదవడం కోసమే మొదటిది చదువుతున్నాడేమో అనిపించేది.

ఈ నెల మొదటి తారీకున కూడా చేతిలో పుస్తకం, చెవి మీద పెన్సిలు పెట్టుకుని మెట్ల కిందికి వచ్చాడు. భార్య పోయి ఇరవై ఏడు రోజులైంది. తెల్లారింది, ఒకటో తారీకు, కాళ్లు అటు నడిచాయి. అంతే.

రెండు మీటర్ల వెనుక ఒక పంతం ఉంది. మూడేళ్లు కావస్తోంది వాళ్లు ఈ సొంతింట్లోకి మారి. అంతకు ముందున్న వాటాలో కరెంటు అద్దెలోనే కలిసిపోయేది కాబట్టి, తమకు ఎంత కాలుతుందో ఎవరూ పట్టించుకోలేదు. కొత్తింటికి గీజరు, బట్టలుతికే మిషను, పెద్ద ఫ్రిజ్ ఒకేసారి వచ్చాయి. అదే నెలలో మేస్త్రి, నిచ్చెన పైన కట్టుకుని పనులకు తిరగడానికి, ఒకరు వాడి వదిలేసిన బ్యాటరీ కారు కొన్నాడు. వీధంతా నవ్వింది.

“పెట్రోలు మిగిల్చి కరెంటుకి పోస్తావా మేస్త్రీ? ఇంటి ముందు ఏనుగుని కట్టేసుకున్నావు పో,” అన్నాడు ఎదురింటి టైలరు.

మేస్త్రికి రోషం పొడుచుకొచ్చింది. ఏది ఎంత తింటుందో అంకెల్లో చూపించి అందరి నోళ్లూ మూయిస్తానన్నాడు. కంపెనీవాళ్ల పెద్ద మీటరు గేటు దగ్గర దాని మానాన అది ఉంటుంది. ఇంటి లోపల, మెట్ల కింద, చెక్కపెట్టెలో తన సొంతానికి రెండు చిన్న మీటర్లు బిగించాడు. కారు కాక మిగతా ఇంటికి ఒకటి, కారుకి ఒకటి. వాటి మీద తెల్ల టేపు, టేపు మీద ముత్యాల్లాంటి అతని అక్షరాలతో ‘ఇల్లు’, ‘కారు’ అన్న పేర్లు.

మొదటి నెల తిరిగేసరికి ఇల్లు నూట తొంభై, కారు నూట ఇరవై రెండు. మేస్త్రి పుస్తకం పట్టుకుని వీధిలోకి వెళ్లి టైలరు ముందు పెట్టాడు. “చూసుకో. ఏనుగు బయట లేదు, ఇంట్లోనే ఉంది. గీజరు వేసి మరిచిపోయే ఏనుగు,” అన్నాడు. టైలరు నవ్వాడు. గేటు దగ్గర చీపురు పట్టుకుని ఉన్న మేస్త్రి ఇల్లాలు కూడా నవ్వింది, కాని లోపలికి వెళ్లి ముందు చేసిన పని గీజరు స్విచ్చి ఆపడం.

ఆ రోజుతో మొదలైంది. ఆమె ఒక్కొక్కటే మానేసింది. మిషనుకి ముసుగు వేసి బట్టలు చేత్తో ఉతికింది. ఇస్త్రీ పెట్టె అటక ఎక్కింది. గదిలోంచి గదిలోకి వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి స్విచ్చి చూసుకోవడం ఆమెకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటైపోయింది. నెల మొదటి తారీకున వంటింట్లో గరిటె పట్టుకుని, చేసిన తప్పుకి శిక్ష వినేదానిలా నిలబడేది. ఇల్లు మాత్రం తగ్గలేదు. రెండు వందలైంది. రెండు వందల ఇరవై అయింది.

తగ్గింది కారు. నూట ఇరవై రెండు తొంభై ఆరైంది, తొంభై ఆరు డెబ్భై అయింది. మేస్త్రి ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. అంతా తన పాదంలో ఉందన్నాడు. తొక్కీ తొక్కనట్టు తొక్కితే బ్యాటరీ బంగారంలా పనిచేస్తుందని కనబడిన ప్రతివాడికీ పాఠం చెప్పాడు. ఇంత చవకగా నడిచే బండి ఉండగా దగ్గరి పనులే ఎందుకని ఊరవతలి పనులు కూడా ఒప్పుకున్నాడు. అతను ఎంత ఎక్కువ తిరిగితే ఇంటి మీటరు అంత పెరిగింది. ఆ రెండూ కలిపి చూడాలని అతనికి ఒక్కసారి కూడా తోచలేదు.

“ఇన్ని ఆపుతున్నా ఎందుకు పెరుగుతోందండీ?” అని ఆమె ఒకసారి అడిగింది.

“నన్నడుగుతావేంటి? పగలంతా ఇంట్లో ఉండేది నువ్వు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాణ్ని, నాకేం తెలుసు?” అన్నాడు.

పుస్తకంలో ఇంటి అంకె పక్కన ‘దండగ’ అనీ, కారు అంకె పక్కన ‘శభాష్’ అనీ రాసుకోవడం ఆ రోజుల్లోనే మొదలుపెట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు. పెళ్లాం మీద చెయ్యెత్తి ఎరగడు, సంపాదన తెచ్చి ఆమె చేతిలోనే పెట్టేవాడు. మెచ్చుకునే మాట మాత్రం ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ దక్కనివ్వలేదు. ఆమె చేసిన దేనికీ అతని నోట శభాష్ రాలేదు. కారుకి వచ్చింది.

ఈ పొద్దున మెట్ల కింద చెక్కపెట్టె తలుపు తీశాడు. కొత్త అంకెలోంచి పాత అంకె తీసేసి లెక్క కట్టాడు. పెన్సిలు ఆగిపోయింది.

ఇల్లు, ఇరవై నాలుగు. కారు, నూట అరవై ఎనిమిది.

మళ్లీ లెక్క వేశాడు. అదే వచ్చింది. నెలంతా ఇల్లు చుట్టాలతో నిండిపోయి ఉంది. కూతురు, అల్లుడు, పిల్లలు, ఆమె తరఫువాళ్లు. గీజరు పొద్దస్తమానం తిరిగింది. ఏళ్ల తర్వాత మిషను ముసుగు తీశారు. అంత ఇల్లు ఇరవై నాలుగు యూనిట్లతో ఎలా గడిచింది? కారైతే మొదటి నాలుగు రోజులు ఆసుపత్రికి తిరిగి, ఆమెను పోగొట్టుకుని వచ్చిన రోజు నుంచి గుడ్డ కప్పుకుని గోడవారన పడి ఉంది. చార్జింగు తీగ కూడా చుట్ట చుట్టి మేకుకి వేలాడుతోంది. కదలని బండి నూట అరవై ఎనిమిది యూనిట్లు ఎలా మింగింది?

పని తెలిసినవాడికి మొదట వచ్చే అనుమానమే అతనికీ వచ్చింది. ఎక్కడో కరెంటు కారిపోతోంది, కారు లైను ఎక్కడో తడిసి ఉంటుంది అనుకున్నాడు. కారు లైను స్విచ్చి కిందికి దించాడు. కరెంటు పారుతున్నంతసేపూ మిణుకుమనే చిన్న ఎర్రదీపం ‘కారు’ మీటరు మీద ఆగాలి. ఆగలేదు. తాపీగా మిణుకు మిణుకుమంటూనే ఉంది. అప్పుడు ఇంటి స్విచ్చి దించాడు. లోపల ఫ్యాను ఆగిన చప్పుడు, ఫ్రిజ్ గురక ఆగిన చప్పుడు వినిపించాయి. ‘కారు’ మీటరు మీద దీపం చటుక్కున చచ్చిపోయింది.

“నాన్నా, కరెంటు పోయిందా?” లోపలి నుంచి కూతురు అడిగింది. అల్లుడూ పిల్లలూ వెళ్లిపోయినా, తల్లి బట్టలు సర్దడానికి ఆమె నాలుగు రోజులు ఉండిపోయింది.

అతను పెట్టె లోపల తీగల మీద వేలు పెట్టి, పిల్లాడు అక్షరాలు దిద్దినట్టు, ఒక్కొక్క తీగ వెంట పోయాడు. ఎడమ మీటరు నుంచి బయలుదేరిన తీగ గోడలో దూరి గేటు వైపు, కారు నిలిపే చోటికి పోయింది. ఆ ఎడమ మీటరు మీద ‘ఇల్లు’ అని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. పేర్లు మీటర్లు కొన్న కొట్టులోనే రాసి అంటించుకుని తెచ్చాడు. తీరా గోడకు బిగించాక చూస్తే, కారు తీగ, ఇంటి తీగ ఒకదాని మీద ఒకటి పడి పోతున్నాయి. తీగ మీద తీగ పడటం మేస్త్రికి పడదు. అతని పని చూసి నలుగురూ మెచ్చుకునేదే ఆ పొందిక. అందుకని విప్పి, ఈ మీటరు తీగ ఆ మీటరుకి, ఆ మీటరు తీగ ఈ మీటరుకి మార్చి, గీత గీసినట్టు బిగించాడు. ఆమెను పిలిచి చూపించాడు కూడా. ‘ఎంత ముచ్చటగా ఉందో,’ అంది ఆమె. టేపులు మార్చడం మరిచిపోయాడు. తీగ బిగించాకే పేరు అంటించాలి, అంటించాక తీగ ముట్టుకోకూడదని తన కింద పని నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పినవాడు, తన ఇంట్లో తనే ఆ తప్పు చేశాడు.

మెట్టు మీద కూలబడ్డాడు. మూడేళ్లుగా దండగ అన్నది కారుని. శభాష్ అన్నది ఆమెను. నూట ఇరవై రెండు తొంభై ఆరు కావడం, తొంభై ఆరు డెబ్భై కావడం అతని పాదం గొప్ప కాదు. అది గీజరు. అది మిషను. అది ఆమె చేతులు.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఏదో ఫ్యాక్టరీకి తీగలు లాగే పని మీద నాలుగు రోజులు కారేసుకుని పొరుగూరు పోయాడు. తిరిగొచ్చిన సాయంత్రం టైలరు వచ్చి కూర్చున్నాడు. ఆమె ఇద్దరికీ టీలు తెచ్చి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

“ఏవండీ, ఒక్క మాట. మీరు లేని నాలుగు రోజులూ ఇల్లు మీటరు అసలు కదల్లేదండీ. నేను ఇంట్లోనే ఉన్నాను, ఫ్యాను వేసుకున్నాను. కారు లేదు కదా, కారు మీటరేమో తిరిగింది. పేర్లు అటూ ఇటూ అయ్యాయేమో, ఒకసారి చూడండి,” అంది.

మేస్త్రి టీ పొలమారేంత నవ్వాడు. “విన్నావా టైలరూ? రేపట్నుంచి నిచ్చెన మా ఆవిడకిచ్చేసి నేను వంటింట్లో కూర్చుంటాను. ముప్పై ఏళ్లు తీగలు లాగినవాడికి మీటరు చూడ్డం నేర్పిస్తోంది,” అన్నాడు.

టైలరు కూడా నవ్వాడు. ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. లేచి పది అడుగులు వేస్తే తేలిపోయే సంగతి. ఆ పది అడుగులూ అతను వేయలేదు.

ఇప్పుడు లేచాడు. ఇంటి స్విచ్చి పైకెత్తి లోపలికి వెళ్లాడు. తన ఇల్లు తనే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. స్నానాల గదిలో గీజరు తీగకు ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బరు బ్యాండు వేసిన గుర్తు ఇంకా ఉంది. మొన్న చుట్టాలు వచ్చినప్పుడు విప్పారు, ఆ సంచి కిటికీలో మడతపెట్టి ఉంది. వరండాలో బల్బు లేని హోల్డరు. పడగ్గదిలో రెండో బల్బు కూడా లేదు. ఫ్రిజ్ చుట్టాల కోసం మళ్లీ నడుస్తోంది కాని, ఆరు నెలలు ఆమె దాన్ని ఆపేసి తలుపు సందులో గుడ్డ పెట్టి ఉంచింది. ఎందుకే అంటే, ‘ఇద్దరమే కదండీ, ఏ పూటది ఆ పూట వండుకుంటే పోలా,’ అంది. అతనూ సరేనన్నాడు. ఆ నెల కారు ముప్పై తొమ్మిదికి దిగిందని పొంగిపోయాడు కూడా.

చలికాలమంతా ఆమె చన్నీళ్లు పోసుకుంది. దగ్గు పట్టుకుంది. దగ్గు దగ్గులాగే ఉండి, ఒక రోజు ఉన్నట్టుండి నెమ్ము చేరి, ఊపిరాడక ఆసుపత్రిలో పడింది. నాలుగో రోజుకి లేదు. చన్నీళ్ల వల్లేనా అని డాక్టరుని అతను మూడుసార్లు అడిగాడు. కాదు, లోపల ఎప్పట్నుంచో ఉండి ఉంటుందని డాక్టరు మూడుసార్లూ చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పుడు డాక్టరు అతని మొహం వైపు చూడలేదు.

పడగ్గదిలో కూతురు చీరలు మడత పెడుతోంది. అతను గుమ్మంలో నిలబడి, చేతిలో పుస్తకం ఊపుతూ, “మీటర్ల పేర్లు తారుమారయ్యాయమ్మా. నేనే చేశాను. ఇన్నాళ్లూ మీ అమ్మదేం తప్పు లేదు,” అన్నాడు.

కూతురు మడత ఆపలేదు. “తెలుసు నాన్నా,” అంది.

“నీకెలా తెలుసు?”

“అమ్మ చెప్పింది. నువ్వూ టైలరు బాబాయీ నవ్వారే, ఆ రాత్రే ఫోను చేసి చెప్పింది.”

“మరి నాకెందుకు చెప్పలేదు? నువ్వయినా ఒక్క మాట అనుంటే నేను…”

“చెప్తానన్నాను. వద్దని మాట తీసుకుంది. ‘మీ నాన్న మేస్త్రి కదమ్మా, సొంతింట్లో తీగలు తప్పు బిగించాడని బయటికి పొక్కితే ఎవరు పనికి పిలుస్తారు,’ అంది.” కూతురు చీరని ఒళ్లో పెట్టుకుంది. “అది సగమే. ఇంకో సగం ఉంది. అది చెప్పాలో వద్దో నాకు తెలీడం లేదు.”

“చెప్పు.”

“వద్దులే నాన్నా. నువ్వు తట్టుకోలేవు.”

“చెప్పమ్మా.”

ఆమె చెప్పింది. తండ్రి వైపు చూడకుండా చీర అంచుకి చెప్పుకున్నట్టు చెప్పింది.

“పోయినేడాది నేను వచ్చినప్పుడు పొద్దున్నే చన్నీళ్లు పోసుకుంటుంటే గొడవ పెట్టుకున్నాను. ‘మీటరు సంగతి నీకు తెలిశాక కూడా ఇదెందుకమ్మా, నాన్న తిట్టేది కారునే కదా,’ అన్నాను. నవ్వింది. ‘తిట్లు కారువేనే, నాకేం తగలవు. మరి మెచ్చుకోలు నాదే కదా,’ అంది. ‘ఒకటో తారీకున ఆయన శభాష్ అంటే వంటింట్లో నాకు వినబడుతుంది. నన్నే అంటున్నాడని నాకొక్కదానికే తెలుసు. ఈ నెల నలభై నాలుగు. వచ్చే నెల నలభైకి తెస్తే ఇంకా గట్టిగా అంటాడు చూడు,’ అంది. చిన్నపిల్ల మార్కుల గురించి చెప్పినట్టు చెప్పింది నాన్నా.”

మేస్త్రి గుమ్మం పట్టుకున్నాడు. అతనికి ఏడుపు రాలేదు. చేతికి తెలిసింది పనే కాబట్టి, మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచి, పెన్సిలు వెనకున్న రబ్బరుతో పేజీ పైన ‘ఇల్లు’ అన్న మాట చెరిపాడు. అక్కడ ‘కారు’ అని రాశాడు. ‘కారు’ ఉన్నచోట ‘ఇల్లు’ అని రాశాడు. పేజీ తిప్పాడు. కూతురు వచ్చి పక్కన కూర్చుని రబ్బరు పొడిని చేత్తో తుడిచింది.

ముప్పై నాలుగు పేజీలు. ఇల్లు తొంభై ఆరు, శభాష్. ఇల్లు డెబ్భై, శభాష్. ఇల్లు యాభై రెండు, శభాష్. పేజీలు తిరిగే కొద్దీ అతని చేతిరాతలోనే ఆ మాట పెద్దదవుతూ వచ్చింది. ముప్పై తొమ్మిది దగ్గర కింద గీత కూడా గీశాడు. అన్నీ ఆమె పేరు మీదికి వచ్చాయి. ఒక్కటి కూడా ఆమె చేతికి అందలేదు.

చివరి పేజీ పోయిన నెల మొదటి తారీకుది. ఆ పొద్దున అతనికి బాగా గుర్తుంది. వంటింట్లోంచి దగ్గు వినబడుతుంటే, అంకె సరిగ్గా వినాలని అది ఆగేదాకా ఆగాడు. ఆగాక, “కారు, ముప్పై ఒకటి. శభాష్. ఇదీ బండంటే,” అని అరిచాడు. వంటింట్లోంచి ఆమె, “ముప్పై ఒకటేనా అండీ?” అంది. మూడేళ్లలో ఎన్నడూ అతను చదివిన కారు అంకెకి ఆమె బదులు పలకలేదు. ఆ గొంతులో ఏదో సంబరం ఉందని అప్పుడు కూడా అనిపించింది. కారు బాగా నడుస్తోందని సంతోషించింది కాబోలు అనుకుని పనికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఆ పేజీలో కూడా పేర్లు మార్చాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. లేచి మెట్ల కిందికి వెళ్లి, ఎప్పుడూ నిలబడే చోటే, వంటింటి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. కూతురు గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయింది.

“ఇల్లు, ముప్పై ఒకటి,” అని చదివాడు.

పక్కింటికి కాదు కదా, వంటింటికి కూడా వినబడలేదు. ఆ పక్కనున్న మాట కూడా చదవాలని నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట కోసమే ఆమె చలికాలమంతా చన్నీళ్లు పోసుకుంది. ఆ మాట అతని నోట రాలేదు.